కవచం లోపలి తోలు పట్టీ

రాజుగారి ఇనుప కవచం చూసి నోరెళ్లబెట్టేవాళ్లు దాని లోపలి తోలు పట్టీని చూడరు. మేం రాసేది ఆ పట్టీ గురించే.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో హాఫ్‌బర్గ్ అనే రాజకోట ఉంది. హాప్స్‌బర్గ్ వంశం 1918 దాకా అక్కణ్ణించే ఏలింది. దాంట్లో నోయె బర్గ్ అనే భాగం ఇప్పుడు మ్యూజియం. ఒక పక్క కత్తులు, ఈటెలు, కవచాలు. ఇంకో పక్క మీటలు నొక్కి వాయించే పాత హార్ప్సికార్డులు, పియానోలు. చంపే సామానూ పాట సామానూ ఒకే కప్పు కింద! దొరకు రెండూ కావాలి మరి.

పనోళ్ల పేర్లు అసలు లేవని అబద్ధమాడం. మాక్సిమిలియన్ చక్రవర్తికి కవచం చేసిన ఆగ్స్‌బర్గ్ పనివాడు లోరెంజ్ హెల్మ్‌ష్మిడ్ పేరు చరిత్రలో ఉంది. పియానోలు చేసిన కాన్రాడ్ గ్రాఫ్ పేరూ ఉంది. కార్ఖానా యజమాని దాకా వచ్చిన చరిత్ర ఆ కిందికి దిగలేదు.

ఆ కిందే తోలుంది. కవచమంటే ఒక్క రేకు కాదు. రేకుల్ని తోలు పట్టీలతో బిగిస్తేనే మనిషి చెయ్యెత్తగలడు, మోకాలు మడవగలడు. పట్టీ తెగితే చక్రవర్తి కవచం ఇనప కుప్పే. పియానోలోనూ అంతే. మీట నొక్కితే చిన్న కొయ్య సుత్తి లేచి తీగను కొడుతుంది. ఆనాటి వియన్నా పియానోల్లో ఆ సుత్తి తలకు తోలు తొడిగేవాళ్లు. తోలు పడితేనే కొయ్య దెబ్బ నాదమయ్యేది. డప్పు కొట్టేటోడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మీటల మీద అతికిన ఏనుగు దంతం కథ వేరే రాయాలి. 19వ శతాబ్దంలో దాన్ని జాంజిబార్ రేవుకు మోసినోళ్లలో బానిసలున్నారు.

మరి తోలు తీసినోళ్ల బతుకేంటి? ఆ జర్మన్ రాజ్యాల్లో చచ్చిన గొడ్డును వొలిచేవాళ్లను మర్యాద లేని జనం అన్నారు. ముట్టుకుంటే మర్యాద పోతుందన్నారు. వాళ్ల పిల్లల్ని చేతిపని సంఘాల్లో చేరనీయలేదు. 1731లో సామ్రాజ్య చట్టం చాలా వృత్తుల మీది ఆ మచ్చ తీసేసింది. వొలిచేవాళ్లను మాత్రం వదిలేసింది! అది కులమేనని మేం అనం, వాళ్లకు మనువు లేడు. కానీ లంద పక్కన నిలబడ్డోడికి ఆ వాసన ఎక్కడిదో తెలుస్తుంది.

మ్యూజియం మారదంటారా? 1938 మార్చి 15న హిట్లర్ ఉపన్యాసమిచ్చింది ఈ నోయె బర్గ్ మేడ మీంచే. ఆ ఏడే వియన్నా యూదుల సొత్తు గుంజుకున్నారు. రోత్‌షీల్డ్ కుటుంబం సొత్తు, వాయిద్యాలతో సహా, సర్కారు మ్యూజియాలకు చేరింది. 1998లో చట్టం చేశాక, 1999లో వారసులకు తిరిగిచ్చారు. అరవై ఏళ్లు పట్టింది, అయినా ఇచ్చారు.

గొడ్డు వొలిచినోడి తరఫున మేం కవచం తిరిగిమ్మని అడగట్లేదు. చక్రవర్తి పేరు రాసిన అట్ట మీదే ఇంకో రెండు వరుసలు అడుగుతున్నాం: ఈ పట్టీ ఏ గొడ్డు తోలు, దాన్ని వొలిచినోళ్లను ఏ సంఘాల్లోకి రానీయలేదు.