కార్డ్‌లెస్ మైకు వెనక అంకె చూశారా?

బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ వైపు సౌండ్ సెట్లు కిరాయికిచ్చేవాళ్లు, ఫంక్షన్ హాళ్లవాళ్లు, గుడి కమిటీలు, భజన మండళ్లు ఇవాళే ఒక పని చేయాలి. కార్డ్‌లెస్ మైకునూ దాని రిసీవర్‌నూ తిప్పి, వెనక స్టిక్కరు మీద మెగాహెర్ట్జ్ పక్కన ఏ అంకె ఉందో చదవాలి. అది 703కూ 803కూ మధ్య ఉంటే ఆ మైకును ఇక ఏ పెళ్లికీ, ఏ సభకూ తీసుకుపోవద్దు.

ఆ తరంగాలు ఇప్పుడు ఫోన్లవి. 2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును జియో దేశంలోని 22 సర్కిళ్లలోనూ కొనుక్కుంది. మరుసటి ఏడాది బీఎస్ఎన్ఎల్‌కూ అందులో వాటా ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. ఈ తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటుతాయి. టవర్లు పలచగా ఉండే మనలాంటి చోట్లకే ఇవి ఎక్కువ అక్కరకొస్తాయి కనుక, ఇదంతా హైదరాబాద్ గొడవ అనుకుంటే చిక్కులో పడతారు. ఆర్డరు మీద దెగ్లూర్‌కో బీదర్‌కో పోయినా తప్పించుకోలేరు. రాష్ట్రం మారుతుంది గానీ బ్యాండు మారదు.

అసలు మోసం టెస్టింగులో ఉంది. పొద్దున ఖాళీ హాలులో ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటే ఖంగున పలుకుతుంది. ఈ బ్యాండులో 703 నుంచి 748 దాకా ఫోను టవరుతో మాట్లాడే భాగం. 758 నుంచి 803 దాకా టవరు ఫోనుతో మాట్లాడే భాగం. ముహూర్తం వేళకు హాలు నిండుతుంది, ప్రతి జేబులో ఒక ఫోను. మామూలు కార్డ్‌లెస్ మైకు శక్తి 10 నుంచి 30 మిల్లీవాట్లు. ఫోను అవసరమైతే 200 దాకా పోతుంది, అదీ రిసీవర్ పక్కనే నిలబడి. పంతులు మంత్రం మధ్యలో గరగర మొదలవుతుంది, మాట తెగుతుంది. సౌండాయన బ్యాటరీ మారుస్తాడు, ఏరియల్ తిప్పుతాడు, ఆఖరుకు పెళ్లివారితో మాటలు పడతాడు. మైకులో ఏ లోపమూ లేదు పాపం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన మైకు వల్ల నెట్‌వర్క్‌కు అడ్డం వస్తే తప్పు మనదే అవుతుంది. డబ్బు పెట్టి స్పెక్ట్రం కొన్నవాళ్లకు హక్కుంది, మనకు లేదు. మినహాయింపు లేని బ్యాండులో రేడియో పరికరాన్ని అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ అనుమతి తప్పదనే అంటుంది.

అమెరికాలో 700 బ్యాండు మైకులను 2010 జూన్ 12 తర్వాత వాడొద్దన్నారు. 600లో ఎక్కువ భాగానికి 2020 జూలై 13 గడువు పెట్టారు. కనుక అక్కడి బంధువులు పంపిన పాత సెట్టయితే మరింత జాగ్రత్త. అక్కడ గడువు చెప్పి మరీ ఆపించారు. ఇక్కడ మన టెంట్ హౌస్ దాకా వచ్చి తెలుగులో నాలుగు ముక్కలు చెప్పినవాళ్లు లేరు. టెలికాం శాఖ ఆ మాత్రం చేయాలి. డబ్బా మీద ‘యూహెచ్‌ఎఫ్’ అని పెద్దక్షరాలు వేసి అంకెను దాచే అమ్మకందారులను నిలదీయాలి.

600 బ్యాండును 2022 వేలంలో ఎవరూ కొనలేదు. దాన్ని నమ్ముకుని కొత్త సెట్టు కొనకండి, మరో వేలంలో అదీ పోవచ్చు. 800, 900ల్లోనూ చాలా భాగం ఫోన్లదే. లైసెన్సు అక్కర్లేనివి 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ మైకులు. వాటికీ వైఫై రద్దీ ఉంటుంది, పరిధి తక్కువ, రిసీవర్‌ను వేదిక దగ్గరే పెట్టుకోవాలి. ఏ మైకు వాడినా వైరు మైకు ఒకటి వేదిక మీద సిద్ధంగా ఉంచండి. బయానా పుచ్చుకునే ముందే ఇవన్నీ చూసుకోండి. కొత్తది కొంటే బిల్లు మీద మోడల్ నంబరు, ఫ్రీక్వెన్సీ రాయించుకోండి. రాయనంటే ఆ దుకాణం మెట్లు దిగి వచ్చేయండి.