బ్యాండు బస్సులో సమీక్షకుడు

రాక్ సంగీతం మీద వచ్చే సినిమాల్లో మామూలుగా గిటారు పట్టినవాడే హీరో. 2000 సెప్టెంబరులో వచ్చిన 'ఆల్మోస్ట్ ఫేమస్'లో హీరో చేతిలో ఉండేవి నోటుబుక్కు, టేప్ రికార్డరు. వాడికి పదిహేనేళ్ళు. పేరు విలియం మిల్లర్. ఊరు కాలిఫోర్నియా దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డునున్న శాన్ డియాగో. తల్లి కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఇంట్లో రాక్ పాట వినపడితే ఒప్పుకోదు. అక్క ఆ కట్టడి భరించలేక ఇల్లు విడిచిపోతూ తన రికార్డులన్నీ తమ్ముడి మంచం కింద వదిలిపెడుతుంది. ఆ మంచం కింద మొదలైన పిచ్చి 1973లో వాణ్ణి 'రోలింగ్ స్టోన్' పత్రిక తరఫున స్టిల్‌వాటర్ అనే బ్యాండు బస్సు ఎక్కిస్తుంది. ఫోనులో గొంతు బొంగురు చేసుకుని మాట్లాడాడు కాబట్టి పత్రికవాళ్ళకు వాడి వయసు తెలియదు. బస్సులోవాళ్ళు మాత్రం వాణ్ణి చూడగానే 'శత్రువు' అని పేరు పెట్టేస్తారు. సమీక్షలు రాసేవాడు కదా!

ఇది చాలావరకు దర్శకుడు కామెరాన్ క్రో సొంత కథే. 1957లో పుట్టిన క్రో శాన్ డియాగోలోని చిన్న పత్రికలకు రాస్తూ రాస్తూ పదహారేళ్ళకల్లా 'రోలింగ్ స్టోన్'లో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండు మీద ముఖచిత్ర కథనం రాశాడు. స్టిల్‌వాటర్ బ్యాండు కల్పితం. విలియంకు గురువుగా కనపడే లెస్టర్ బాంగ్స్ మాత్రం నిజంగా బతికిన మనిషి. అతనూ శాన్ డియాగో పక్కన ఎల్ కహోన్ అనే ఊళ్ళో పెరిగినవాడే. సంగీతకారుల మీద మర్యాద లేకుండా రాస్తున్నాడని 1973లో 'రోలింగ్ స్టోన్' అతణ్ణి వదిలించుకుంది. డెట్రాయిట్ ప్రాంతం నుంచి వచ్చే 'క్రీమ్' పత్రికలో అతని రాతకు అడ్డు లేకపోయింది. 1982లో, ముప్పై మూడేళ్ళకే చనిపోయాడు. సినిమాలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ ఆ పాత్ర వేశాడు. కనపడేది కాసేపే అయినా సినిమా మొత్తానికీ వెన్నెముక ఈ లెస్టరే. పిల్లవాడికి అతను చెప్పే మాటల సారం ఇంతే: వాళ్ళు నీకు తాగడానికి పోస్తారు, ఊళ్ళు తిప్పుతారు, నువ్వు మావాడివే అంటారు, నమ్మొద్దు. స్నేహం చేశావా, రాయలేవు.

పిల్లవాడు స్నేహం చేస్తాడు. కథంతా అదే.

ఇక సినిమా గతి చూడండి. సుమారు 6 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి సుమారు 4.7 కోట్లు వచ్చింది. మన లెక్కలో నిఖార్సయిన ఫ్లాపు. అప్పటి అమెరికా సమీక్షకులు ఆ లెక్కతో సంబంధం లేకుండా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. చికాగోలో రోజర్ ఎబర్ట్ ఆ ఏటి ఉత్తమ చిత్రాల్లో దానికే మొదటి స్థానం ఇచ్చాడు. నాలుగు ఆస్కార్ నామినేషన్లు వస్తే, స్క్రీన్‌ప్లేకి అవార్డు దక్కింది. మరుసటి ఏడాది ఇంకా పొడవైన ప్రతి బయటికొచ్చింది. పాతికేళ్ళు దాటినా ఆ సినిమా పేరు వినపడుతూనే ఉంది. సమీక్షకుణ్ణి హీరోను చేసిన సినిమాకు సమీక్షకులు మురిసిపోక ఏం చేస్తారని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. ఆ మురిపెం కొంత వాళ్ళ కళ్ళు కప్పింది కూడా. కనికరం లేకుండా నిజం రాయమని బోధించే ఈ సినిమా తన బ్యాండు మీద బోలెడంత కనికరం చూపిస్తుంది. యాభై డాలర్లకూ ఒక బీరు పెట్టెకూ ఒక అమ్మాయిని వేరే బ్యాండుకు జూదంలో అప్పగించే ఘట్టం అందులో ఉంది. అంత చేదు విషయాన్ని కూడా కథ వెన్నెల్లో ఆరబెట్టినట్టు చూపించి ముందుకు సాగిపోతుంది. లెస్టర్ బాంగ్స్ బతికుంటే, తనను గురువుగా చూపించిన ఈ సినిమాను అతనే చీల్చి చెండాడేవాడని నా అనుమానం.

అయినా ఈ కథ నెల్లూరు తీరాన మైపాడులో కూర్చున్న నాకెందుకు? కారణం ఉంది. మా వైపు గుంటల్లో రొయ్య పట్టుబడికి వచ్చినప్పుడు కొనేవాడు గట్టు మీదే కౌంటు చూస్తాడు. కిలోకు ముప్పయ్యా, నూరా? దాన్ని బట్టే రేటు. రుచి ఎట్టుందని అడిగే పని అతనికి లేదు, అతని వ్యాపారానికి అది న్యాయమే. సినిమాను కూడా ఆ పద్ధతిలోనే తూచడం ఎప్పుడు మొదలుపెట్టామో కానీ, ఇప్పుడు పదో తరగతి పిల్లవాడు సైతం మొదటిరోజు షేరు, నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అని అప్పజెబుతాడు. ఆ సినిమాలో నీకు ఏ సీను నచ్చిందిరా అబ్బయ్యా అంటే తల గోక్కుంటాడు. శుక్రవారం మధ్యాహ్నానికి తీర్పు అయిపోతుంది. ఆ తర్వాత ఎవరేం రాసినా అది చనిపోయినవాడికి వైద్యం.

నెల్లూరుకు ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. నెల్లూరు వెంకట్రామానాయుడు పెట్టిన 'జమీన్ రైతు' వారపత్రిక పేరులోనే దాని పుట్టుక ఉంది. జమీందారుల మీద రైతుల తరఫున పోరాడటానికి వచ్చిన పత్రిక అది. అందులో సినిమా సమీక్షలూ వచ్చేవి. 1980లలో గ్రిద్దలూరు గోపాలరావు సమీక్షలు అందులో కనపడుతుండేవి. ఒక జిల్లా వారపత్రికకు సినిమాతో పనేమిటని అనుకోకుండా, నాట్లూ కోతలూ కాలవ నీళ్ళూ రాసే పేజీల పక్కనే కథ ఎక్కడ కుంటిందో, నటుడు ఎక్కడ అతి చేశాడో రాసేవాళ్ళు. ఈ రోజు పాత తెలుగు సినిమా విడుదలైనప్పుడు జనం ఏమనుకున్నారో వెతికేవాళ్ళకు ఆ పాత సంచికలే ఆధారం అవుతున్నాయి.

అది నెల్లూరులో ఎందుకు సాధ్యమైంది? నాకు తోచే కారణం దూరం. అప్పుడు తెలుగు సినిమా మద్రాసులో ఉంది. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటల ప్రయాణం. సినిమావాళ్ళ సంగతులు చెవిన పడేంత దగ్గర, వాళ్ళ ఇంట్లో భోజనం చెయ్యాల్సిన అవసరం లేనంత దూరం. వారపత్రిక కాబట్టి రాసేవాడికి రెండో ఆలోచనకు తీరిక ఉండేది. శాన్ డియాగో పిల్లవాడికీ, డెట్రాయిట్‌లో చేరిన లెస్టర్‌కూ ఉన్నది ఇలాంటి దూరమే. బస్సెక్కిన తర్వాత పిల్లవాడి కలం ఎందుకు మొరాయించింది? ఆ దూరం పోయింది కాబట్టి. ఇప్పుడు మన సమీక్షకుల్లో చాలామంది ఉండేది హైదరాబాదులో. ప్రెస్ షో, ఇంటర్వ్యూ, ప్రకటన, అన్నీ ఒకే ఇంటి గుమ్మంలోంచి వస్తాయి. వాళ్ళను నిందించి ప్రయోజనం లేదు. ఆ బస్సులో కూర్చుంటే ఎవరైనా అంతే.

మనకు రాక్ సినిమా లేదు కానీ బ్యాండు సినిమా ఉంది. 2024 ఫిబ్రవరి 2న వచ్చిన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'. దుష్యంత్ కటికనేని దర్శకుడు, శేఖర్ చంద్ర సంగీతం. కోనసీమలో కొబ్బరికి పేరుపడిన అంబాజీపేటలో మల్లి అనే కుర్రాడు పెళ్ళిళ్ళకు బ్యాండు వాయిస్తాడు, ఇంటి వృత్తి సెలూను. సుహాస్ ఆ పాత్ర వేశాడు. మల్లి కవల అక్క పద్మ టీచరు. ఊరి డబ్బున్నవాడితో ఆమెకు పడదు, వాడి చెల్లెలి మీద మల్లికి ప్రేమ. అక్కడి నుంచి కథ అవమానం వైపు, ఆత్మగౌరవం వైపు నడుస్తుంది. పద్మగా శరణ్య ప్రదీప్ నటనను మెచ్చుకోనివాళ్ళు అరుదు. నా లెక్కలోనూ సినిమాను మోసింది ఆవిడే. ప్రేమకథ భాగం మనం చాలాసార్లు చూసిందే.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే ఒకచోట పోలిక తెగిపోతుంది. తెగిపోవడమే మంచిది. అమెరికా కుర్రాడికి ఉన్న పెద్ద భయం, తనను గుంపులో కలుపుకోరేమోనని. బ్యాండువాళ్ళు ఎంత చెడ్డా పదివేలమంది ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకుంటారు. అంబాజీపేట కుర్రాడు పెళ్ళిలో ముందు నడుస్తాడు, భోజనాలకు మాత్రం చివర నిలబడతాడు. ఊళ్ళో పెళ్ళి అతని చప్పుడు లేకుండా జరగదు, కానీ ఆ ఇంటి గడప దాకా అతనికి దారి లేదు. వాడికి జరిగే అవమానం గుండు గీయించడం. పక్కవాడి తల గొరిగి బతికే ఇంట్లో పుట్టిన కుర్రాడికి అది ఎట్టాంటి శిక్షో అమెరికా సినిమా ఏదీ చెప్పలేదు. ఈ విషయంలో మనవాళ్ళ దగ్గరే సరుకు ఉంది.

మరి క్రో దగ్గర మనం తీసుకోవాల్సింది ఏమిటంటే, సంగీతం. స్టిల్‌వాటర్ లేని బ్యాండే అయినా దాని పాటలు రాయడానికి హార్ట్ బ్యాండు నాన్సీ విల్సన్ కూర్చుంది. వేదిక మీద బ్యాండు ఎట్టా నిలబడాలో నటులకు నేర్పడానికి పీటర్ ఫ్రాంప్టన్ వచ్చాడు. అందుకే వాళ్ళు పాడుతుంటే నిజం బ్యాండే అనిపిస్తుంది, ఇంకాస్త అదృష్టం ఉంటే పైకొచ్చేవాళ్ళే అనిపిస్తుంది. మన సినిమాలో బ్యాండు మల్లి కులాన్నీ, స్థితినీ చెప్పే గుర్తుగానే ఎక్కువ మిగిలిపోయింది. క్లారినెట్ ఊదేవాడు సినిమా పాటను ఎన్నిసార్లు విని దించుకుంటాడు? పెళ్ళి వీధి తిరిగేసరికి పెదవులు ఏమవుతాయి? ముహూర్తాలు లేని మూఢంలో ఏం తింటాడు? మా తీరంలో బ్యాండు, ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు ఆ నెలల్లో గుంటల మీద కాపలాకో, పడవల మీద పనికో పోతారు. ప్యాడ్ వాయించే చేతులతోనే వలలు సర్దుతారు. కార్తీక పున్నమికి స్నానాల జనం మైపాడు ఒడ్డుకు వచ్చేసరికి మళ్ళీ స్పీకర్ల ముందు తేలతారు. ఈ బతుకు ఆ కథలో ఉండాల్సింది. నేను చదివిన సమీక్షల్లోనూ ఈ ప్రశ్న కనపడలేదు. బాగుంది, సెకండాఫ్ బలంగా ఉంది, లవ్ ట్రాక్ రొటీను, ఇంత రేటింగు. అక్కడితో సరి.

సమీక్షకులు ఇట్టా ఉన్నారని నిర్మాతలు కూడా ఊరుకోవడం లేదు. 2024 నవంబరులో తమిళ నిర్మాతల మండలి థియేటర్ల ఆవరణలో యూట్యూబ్ సమీక్షలు చెయ్యనివ్వొద్దని యజమానులను కోరింది. కక్షతోనో డబ్బుకోసమో సినిమాను చంపేవాళ్ళు లేకపోలేదు. అయినా గేటు మూస్తే ముందు ఆగేది నిజాయితీపరుడే, డబ్బు తీసుకునేవాడు ఎట్టాగూ లోపలే ఉంటాడు. 'ఆల్మోస్ట్ ఫేమస్'లో దీనికి ఇంకో మందు ఉంది. విలియం రాసి ఇచ్చిన కథనాన్ని పత్రికలో నిజానిజాలు చూసే ఉద్యోగి బ్యాండుకు ఫోన్ చేసి సరిచూస్తుంది. బ్యాండు అన్నీ అబద్ధాలంటుంది, కథనం పక్కకు పోతుంది. చివరికి గిటారిస్టు రస్సెల్ తానే ఫోన్ చేసి, పిల్లవాడు రాసిందంతా నిజమేనని ఒప్పుకుంటాడు. మన దగ్గర సమీక్షలో పొరపాటు దొర్లితే ఫోన్ చేసి అడిగేవాడూ లేడు, నిజం రాస్తే ఒప్పుకునేవాడూ లేడు.

ఆలస్యంగానైనా మన సినిమాలకూ రెండో జన్మ ఉందనే మాట నిజమే. తరుణ్ భాస్కర్ 'ఈ నగరానికి ఏమైంది' 2018 జూన్‌లో ఓ మోస్తరుగా ఆడింది. అయిదేళ్ళకు అదే తేదీన మళ్ళీ విడుదల చేస్తే థియేటర్లు నిండిపోయి, కుర్రాళ్ళు డైలాగులన్నీ తెరతోపాటు చెప్పారు. నలుగురు దోస్తులు ఎదిగే కథ అది. దాన్ని నిలబెట్టింది విమర్శ కాదు, ప్రేక్షకుల ఫోన్లు. మంచిదే. కానీ ప్రేమించిన జనం ఎందుకు ప్రేమించారో రాసిపెట్టినవాళ్ళు తక్కువ. ఎబర్ట్ లాంటివాడు ఒకడుంటే ఆ కారణం మరో తరానికి అందేది.

నెల్లూరుకు ఎవరూ ఇంకా తీయని బ్యాండు సినిమా ఒకటి ఉంది. హరికథకుడు సాంబమూర్తి కొడుకు, 1946లో పుట్టిన గాయకుడు బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగుకని అనంతపురం పోయి, టైఫాయిడ్ వచ్చి, మద్రాసు చేరాడు. అక్కడ తొలినాళ్ళలో నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో గిటారు, తర్వాత హార్మోనియం వాయించింది ఇళయరాజా. అతని సోదరులు గంగై అమరన్, భాస్కర్ కూడా అందులోవాళ్ళే. కుర్రతనం, పరాయి ఊరు, చేతిలో పైసా లేకపోవడం, రేపటి గొప్పవాళ్ళందరూ ఒకే వాయిద్యాల చుట్టూ. ఇంతకన్నా మంచి కథ క్రోకు కూడా దొరకలేదు. ఎవరో ఒకరు తీస్తారు. తీసినప్పుడు అది కీర్తన అయిపోతుందని నా భయం, ఎందుకంటే బాలు విషయంలో నెల్లూరుకు ఆ దూరం లేదు. ఆయన మన ఇంటి మనిషి. మనం అందరం ఆ బస్సులో ఉన్నవాళ్ళమే.

కాబట్టి ఇందుకూరుపేటలో, మైపాడులో, నెల్లూరులో ఇప్పుడు ఫోనులో రాసుకుంటున్న పిల్లలకు ఒక మాట. ఆ బాలు సినిమా వచ్చిన రోజు కలెక్షన్లు చూడొద్దు. రెండుసార్లు చూసి, కనీసం రెండు రోజులు ఆగి రాయండి. హార్మోనియం మీద నటుడి వేళ్ళు తప్పు మెట్ల మీద పడితే అది కూడా రాయండి. మన బాలు కదా అని ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యొద్దు.