తరాల మీద నెపం

చేతి సైగలకూ, ఫోను తెర మీద మాటకు తోడుగానో బదులుగానో పంపుకునే చిన్న బొమ్మలైన ఎమోజీలకూ అర్థాలు తరానికొక తీరుగా చీలిపోయాయనీ, ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ మాట కుదరకపోవడానికి అదే కారణమనీ పత్రికలూ టీవీ చర్చలూ కొంతకాలంగా చెబుతూ వస్తున్నాయి. పెద్దల నోట ఈ వాదం ఒక రకంగా వినిపిస్తుంది: వెనకటి రోజుల్లో ఒక సైగకు ఒకే అర్థం ఉండేదనీ, నేటి యువత దాన్ని వెటకారానికి దిగజార్చిందనీ వారి ఫిర్యాదు. యువత నోట మరో రకంగా వినిపిస్తుంది: కన్నీళ్లు వచ్చేలా నవ్వే ముఖాన్ని ఏడుపు అనుకుని చావు కబురు కింద పెట్టే పెద్దలకు కొత్త అర్థాల పట్టిక ఒకటి అచ్చువేసి ఇవ్వాలని వారి ఎగతాళి. పైకి ఎదురెదురుగా నిలబడినట్టు కనిపించినా, సైగకు అర్థం దాన్ని చేసినవారి వయసును బట్టి వస్తుందని రెండు పక్షాలూ నమ్ముతున్నాయి. తిరుపతి, చిత్తూరు సీమలో నిత్యం కంటబడే ఆచారాలను నిలకడగా చూస్తే ఈ నమ్మకం నిలవదు.

స్త్రీ తల మీద గుండునే తీసుకుందాం. తెలుగునాట కొన్ని కులాల్లో, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో, ఒకప్పుడు గుండు వైధవ్యానికి గుర్తు. బలవంతంగా రుద్దిన గుర్తు. తిరుమల కల్యాణకట్టలో, అంటే మొక్కుబడిగా తలనీలాలు సమర్పించే చోట, అదే గుండు తీరిన కోరికకు గుర్తు. నుదుట కుంకుమ, మెడలో పసుపుతాడు, గుండు నిండా చందనపు పూత, చంకలో అదే పూతతో ఉన్న పసిబిడ్డ: ఇలా కొండ దిగి బస్సెక్కిన స్త్రీని చూసి, పాత ఆచారం బాగా ఎరిగిన ముసలమ్మ కూడా ఏనాడూ పొరబడలేదు. గుండు పక్కన బొట్టునూ, బస్సు వస్తున్న దారినీ కలిపి చదవడం ఆమెకు ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. మొదటి అర్థం నేడు దాదాపు మాసిపోయింది కదా, అది తరాల మార్పు కాదా అని ఎవరైనా అడగవచ్చు. అది మాసిపోయింది పిల్లలు మరిచిపోవడం వల్ల కాదు, ఆ దురాచారంతో పోరాడి మాన్పించినవారు ఉండడం వల్ల. కాలం గడిస్తే అర్థాలు వాటంతట అవే రాలిపోతాయనడం ఆ పోరాటాన్ని చిన్నబుచ్చడమే అవుతుంది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇంతకన్నా గట్టి సాక్ష్యం. ఏటా వేసవిలో వారం రోజులపాటు సాగే ఈ జాతరలో భక్తులు రోజుకొక వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వాటికి పేర్లు. బండ వేషం, తోటి వేషం కట్టిన రోజుల్లో వీధిలో ఎదురైనవారిని పచ్చి బూతులు తిట్టడం ఆచారం కాగా, ఆ తిట్లు తగిలినవారు కోపం తెచ్చుకోవడానికి బదులు అమ్మవారి దయగా తీసుకుంటారు. మీసం తీయకుండానే చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి నడిచే మగవాణ్ణి మామూలు రోజున చూసి నవ్వే వీధే, జాతర నాడు చూసి దండం పెడుతుంది. అమెరికా పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో ఒక పుస్తకం వెలువరించారు. గమనించవలసిన సంగతి ఏమంటే, తిట్టేవారిలో పదేళ్లవాడూ ఉంటాడు, అరవయ్యేళ్లవాడూ ఉంటాడు, పడేవారిలోనూ అంతే. తిట్టు దీవెనగా మారింది తరం మారినందుకు కాదు, రోజు మారినందుకు, వేషం మారినందుకు.

కాణిపాకం వరసిద్ధి వినాయకుని ఎదుట చెవులు పట్టుకుని తీసే గుంజిళ్లు భక్తి, బడిలో తీస్తే శిక్ష, ఈ మధ్య కొందరు వాటినే సూపర్ బ్రెయిన్ యోగా అని పేరు పెట్టి వ్యాయామంగా నేర్పుతున్నారు. పశువుల సంతలో దళారులు తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని బేరమాడేటప్పుడు ఒక వేలికి వంద అని అర్థమా వెయ్యి అని అర్థమా అన్నది ఎదుట కట్టేసి ఉన్న పశువే చెబుతుంది. ధరలు పెరిగేకొద్దీ ఆ వేలి విలువా పెరుగుతూ పోయింది, అంతమాత్రాన సంతలో సంస్కృతి చెడిపోయిందని ఎవరూ వ్యాసాలు రాయలేదు.

ఇక పెద్దల ఫిర్యాదులో ముఖ్యమైనది నమస్కారం. జోడించిన చేతుల బొమ్మను పిల్లలు వెటకారానికి వాడుతున్నారన్నది ఆ ఫిర్యాదు. అయితే "నీకో దండంరా బాబూ, నన్నొదిలెయ్" అంటూ చేతులు జోడించడం తాతముత్తాతలు ఎరగని విద్య కాదు. విసుగునూ, ఓటమినీ, ఎత్తిపొడుపునూ దండంతో చెప్పడం తెలుగువారికి వెన్నతో పెట్టిన విద్య. తెలుగునాట నాట్యాచార్యులు ప్రమాణంగా తీసుకునే నందికేశ్వరుని అభినయదర్పణంలోనూ ఒక ముద్రకు ఒకే అర్థం కనిపించదు. ప్రతి హస్తానికీ, అంటే చేతి ముద్రకూ, వినియోగాలు, అంటే దాన్ని వాడే సందర్భాలు, వరుసగా చెప్పడమే ఆ గ్రంథం పద్ధతి. అంజలిని దేవతల విషయంలో శిరస్సు పైన, గురువుల విషయంలో ముఖం ఎదుట, విప్రుల విషయంలో రొమ్ము దగ్గర పట్టాలని అది విధిస్తుంది. పిడికిలి బిగించి బొటనవేలు నిటారుగా నిలిపితే శిఖర హస్తం. నేటి ఫోన్లలోని బొటనవేలి బొమ్మ ఆకారంలో అచ్చంగా అదే. ఆ శిఖరానికి చెప్పిన వినియోగాల్లో నిశ్చయం ఒకటి, ప్రశ్న ఒకటి, "లేదు" అనడం మరొకటి. తిరుపతిలో దేవస్థానం నడిపే సంగీత నృత్య కళాశాలలోనైనా, ఊళ్లో మేడ మీద నడిచే చిన్న నాట్యశిక్షణ తరగతిలోనైనా తొలి పాఠాల్లోనే ఈ హస్తాలు నేర్చుకునే పిల్లకు, ఒకే వేలు అవుననీ కాదనీ రెండూ చెప్పగలదన్నది వింత కాదు. సైగకు ఒకే అర్థం ఉండిన స్వర్ణయుగం ఏదో చూపించవలసిన బాధ్యత, అది ఉండేదని చెప్పేవారిదే.

ఆ మాటకొస్తే, బొటనవేలు నిలిపితే "భేష్" అన్న అర్థం తాతలనాటిది అనుకోవడం కూడా అనుమానాస్పదమే. చదువురాని తాతకు బొటనవేలంటే సిరాలో ముంచి ప్రోనోటు మీద వేసే వేలిముద్ర. మెచ్చుకోలు అర్థాన్ని ఈ దేశంలో ఇంటింటికీ చేర్చిన సాధనాల్లో 1977లో బజారుకొచ్చిన థమ్సప్ సీసా ఒకటని ఒప్పుకోవడానికి సంప్రదాయవాదులు సిగ్గుపడనక్కరలేదు. యువత వాదమూ ఇంతే పలచన. పుర్రె బొమ్మకు "నవ్వలేక చచ్చాను" అనే అర్థం తామే కనిపెట్టామని వారు అనుకుంటారు గాని, నవ్వి నవ్వి చచ్చామని నాయనమ్మలు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. మనవడు ఆ మాటకు బొమ్మ వేశాడు, అంతే.

అలాగని కొత్తగా ఏమీ జరగలేదని కాదు. ఎమోజీలకు దేశదేశాల ఫోన్ల మధ్య ఒకే సంకేతం ఉండేలా చూసే యూనికోడ్ అనే ప్రమాణంలో జోడించిన చేతుల బొమ్మ 2010లో చేరింది. అక్కడ దాని పేరు "చేతులు జోడించిన వ్యక్తి". ఫోన్లలో కనిపించేది మాత్రం చేతులే, వ్యక్తి కనిపించడు. మనిషి లేడు కనుక ఆ చేతులు తల పైన ఉన్నాయో, ముఖం ఎదుట ఉన్నాయో, రొమ్ము దగ్గర ఉన్నాయో తెలిసే మార్గం లేదు. గౌరవంలోని తరతమాలను చెప్పిన ఎత్తే పోయింది. కనుబొమ్మ లేదు, గొంతు లేదు. ఈ నష్టం ముసలివారికి ఎంతో కుర్రవారికీ అంతే. పైగా బొమ్మలను మార్చే చెయ్యి తరచుగా తరాలది కాదు, కంపెనీలది. 2016లో ఆపిల్ సంస్థ తన ఫోన్లలో తుపాకీ బొమ్మను తీసి నీళ్ల తుపాకీ పెట్టగా, మిగిలిన పెద్ద సంస్థలు 2018లో గాని ఆ పని చేయలేదు. ఆ మధ్యకాలంలో ఒకరు ఆటగా పంపిన పిచికారీ, అవతలి ఫోనులో రివాల్వరై దిగింది. ఆ ఇద్దరూ ఒకే తరగతి గదిలో కూర్చునే పిల్లలైనా అంతే జరిగేది.

తరాల వాదం చేసే అసలు హాని వేరే ఉంది: అర్థాన్ని నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను అది కప్పిపుచ్చుతుంది. ఒకే బొటనవేలు అధికారి నుంచి వస్తే అనుమతి, కింది ఉద్యోగి నుంచి వస్తే పొగరు. అధికారికి ముప్పయ్యేళ్లు, ఉద్యోగికి యాభై అయిదేళ్లు అయినా ఈ లెక్క మారదు. రైల్వే రక్షక దళంలో ఒక ఉన్నతాధికారి హత్యకు గురైన వార్త 2018లో వాట్సాప్ గ్రూపులోకి వచ్చినప్పుడు దాని కింద బొటనవేలి బొమ్మ పెట్టిన కానిస్టేబులును, హత్యను హర్షించాడని నిందించి కొలువు నుంచి తొలగించారు. అది "సరే, చూశాను" అనడమే కావచ్చుననీ, హర్షించడంగా ఎంచరాదనీ మద్రాసు హైకోర్టు 2024లో చెప్పింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2023లో వచ్చిన తీర్పు దీనికి తలకిందులు: ఫోనులో వచ్చిన అవిసె గింజల ఒప్పందానికి ఒక రైతు బొటనవేలి బొమ్మతో జవాబివ్వగా, అది అందిందని చెప్పడమే అన్న అతని వాదనను తోసిపుచ్చి, దాన్ని సంతకంగానే లెక్కించి న్యాయస్థానం దాదాపు 82,000 కెనడా డాలర్ల నష్టపరిహారం విధించింది, 2024లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. ఆ రైతు అంతకు ముందు కూడా ఇలాంటి ఒప్పందాలకు పొట్టి పొట్టి జవాబులిచ్చి సరుకు పంపిన సంగతి ఆ తీర్పుకు ఆధారమైంది. ఒకే బొమ్మకు రెండు న్యాయస్థానాలు రెండు అర్థాలు చెప్పినా, రెండు చోట్లా తీర్పుకు ఆధారం బొమ్మ పెట్టినవారి తరం కాదు, దాన్ని పెట్టిన సందర్భం.

కాబట్టి తరాల పట్టికలు అచ్చువేసేవారు ఆ పని మానుకోవడం మంచిది. సంజాయిషీ అడిగే అధికారం చేతిలో ఉన్నవారు, తండ్రులైనా, ప్రిన్సిపాళ్లైనా, కార్యాలయాధిపతులైనా, శిక్ష ఖాయం చేసుకోక ముందే పంపినవారిని పిలిచి ఏ ఉద్దేశంతో పంపారో అడగాలి. మద్రాసు కేసులో ఆ ఒక్క ప్రశ్న తేలడానికి ఆరేళ్లు పట్టింది.