డిశ్చార్జి చేసి చేతులు దులుపుకుంటే సరా?

మా మేనత్తకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట తడబడుతోంది. జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రి వాళ్ళు పదకొండు రోజులుంచుకుని, గండం గడిచిందని చెప్పి పంపేశారు. డిశ్చార్జి కాగితం చివర్లో ఒకే ఒక్క లైను: "ఫిజియోథెరపీ చేయించగలరు". ఎక్కడ? ఎన్నాళ్ళు? ఎవరితో? ఏమో! మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, కోడ్ ప్రొడక్షన్లోకి తోసేసి సపోర్టు టీముని ఎత్తెయ్యడం అన్నమాట.

అత్తయ్య వాళ్ళ ఊరికి ఫిజియోథెరపిస్టు నలభై కిలోమీటర్ల దూరం. నిలబడలేని మనిషిని ఆటోలో తీసుకెళ్ళి తీసుకొస్తే పన్నెండొందలు, పైగా మామయ్యకి ఆ రోజు పని పోయినట్టే. నాలుగుసార్లు వెళ్ళారు, మానేశారు. తర్వాత షరా మామూలే... నాటుమందు, పావురం రక్తంతో మర్దన, "టైమొస్తే అదే తగ్గుతుందిలే" అనే ఓదార్పులు.

రెండు నెలలయ్యాక, ఫిజియో చదివిన నా స్నేహితుడి చెల్లెలు వీడియో కాల్లో చూసింది. "ఓసారి లేపి కూర్చోబెట్టండి" అంది. మామయ్య అలవాటుగా పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగాడు. "అయ్యో, ఆ చెయ్యి లాగొద్దండీ! భుజం కీలు జారుతుంది" అని అరిచినంత పని చేసింది. భుజం నొప్పని అత్తయ్య ఏడుస్తుంటే జబ్బు వల్ల అనుకున్నాం. కాదు, మేమే లాగి లాగి తెచ్చిపెట్టాం! అది కనిపెట్టడానికి ఆ అమ్మాయికి పట్టింది రెండు నిమిషాలు. కానీ కోలుకోవడంలో ఎక్కువ భాగం జరిగే మొదటి మూడు నెలల్లో రెండు నెలలు అప్పటికే పోయాయి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ రెండు నిమిషాలు దొరకాలంటే ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ, వాడికి తెలిసిన ఒక ఫిజియో ఉండాలా? మన దగ్గర వ్యవస్థ లేక కాదు. కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని 2019లో మొదలుపెట్టింది. 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలూ వచ్చాయి. ఆంధ్రాలో విలేజ్ హెల్త్ క్లినిక్కులున్నాయి, తెలంగాణలో పల్లె దవాఖానాలున్నాయి. ఇవతల ఆరోగ్య కార్యకర్త, అవతల డాక్టరు. ఆ అవతలి కుర్చీలో వారానికి రెండుసార్లు ఒక ఫిజియోని, ఒక స్పీచ్ థెరపిస్టుని కూర్చోబెట్టమంటున్నాను. అంతే.

"దానికేం, వీడియోలతో ఒక యాప్ చేసి పడేస్తే సరి" అంటారు మావాళ్ళు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో అటెండ్ అనే ట్రయల్ జరిగింది. ఇంట్లోవాళ్ళకి వ్యాయామాలు నేర్పించి, తర్వాత కొద్దిసార్లు ఇంటికెళ్ళి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకి చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి నేర్పించిన గుంపులో 47 శాతం, నేర్పించని గుంపులోనూ 47 శాతమే! ఇంకోసారి స్ట్రోక్ రాకుండా ఎస్సెమ్మెస్సులూ వీడియోలూ పంపి చూసిన స్ప్రింట్ ఇండియా ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. మందులు వేసుకోవడం మెరుగైంది గానీ, మళ్ళీ వచ్చే స్ట్రోకులూ గుండెపోట్లూ మరణాలూ మాత్రం తగ్గలేదు.

మరి ఏది పనిచేసింది? అమెరికాలో 124 మందితో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. 36 సెషన్లు, ఒక్కోటి 70 నిమిషాలు, అందులో సగం థెరపిస్టు ఎదురుగా చూస్తుండగా. చెయ్యి కోలుకోవడంలో, ఇంట్లో ఉండి చేసినవాళ్ళు క్లినిక్కి వెళ్ళినవాళ్ళకి ఏమీ తీసిపోలేదు. అమెరికా ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు, ఒప్పుకుంటా. కానీ నాకర్థమైంది ఇదీ: పాఠం చెప్పి వదిలేస్తే చాలదు. "నిన్న చేశారా? ఏదీ, చేసి చూపించండి" అని అడిగే మనిషి ఉండాలి. ఫోను ఆ మనిషిని తీసుకొచ్చే దారి మాత్రమే, ఆ మనిషికి బదులు కాదు.

"పల్లెటూళ్ళో నెట్ ఎక్కడిది?" అనకండి. అదే ఊళ్ళో కుర్రాళ్ళు క్రికెట్ లైవులో చూస్తున్నారు. "చేత్తో పట్టుకోకుండా ఫిజియో ఏంటి?" అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. బిగుసుకున్న కండరాన్ని, మింగలేని గొంతుని తెర మీద పూర్తిగా చూడలేం. అందుకే మొదటి పరీక్ష ఎదురుగానే జరగాలి, తర్వాత కాల్ జరుగుతున్నంతసేపూ రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండాలి.

ఇంకో మాట. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్ళ పింఛను నెలకి 15,000 రూపాయలు చేసింది. మంచి పని, ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. కానీ మంచం మీదున్నందుకు నెలనెలా డబ్బిచ్చే మనం, ఆ మంచం దిగడానికి మొదటి మూడు నెలల్లో వారానికి ఒక గంట ఇవ్వలేమా?

డిశ్చార్జి కాగితంలో ఆ లైను కింద ఇంకో లైను రాయమని నా డిమాండు: మొదటి కాల్ ఏ తారీఖున, ఎన్నింటికి, అవతల ఎవరుంటారు. ఈ మూడూ లేకపోతే అది సలహా కాదు, తప్పించుకోవడం.

అత్తయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తోంది. చెయ్యి మాత్రం ఇంకా లేవడం లేదు. ఆ పోయిన రెండు నెలలూ మాకు తిరిగి ఎవరిస్తారు?