చీమల బారుకు మొదలెక్కడ?

గత సంచికలో నీటి కుళాయిల లీకేజీని గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి చీమలను గురించి వ్రాయవలెనని కొందరు గృహిణులు కోరారు. తొలకరి పడిన వారం రోజులకే టౌన్‌షిప్‌లోని ప్రతి క్వార్టరులోను ఇదే గోడు. పుట్టలోనికి నీరు చేరగానే చీమలు పొడిచోటు వెదకుకుంటూ గోడల సందులలోనికి, అక్కడినుండి వంటింటి గట్టు మీదికి వస్తాయి. వచ్చినందుకు వాటిని తప్పు పట్టలేము గాని, చక్కెర డబ్బా అప్పగించి ఊరుకొననూ లేము.

అసలు విషయానికి ముందు మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. రెండేళ్ళ క్రితం శ్రావణమాసంలో మా అమ్మాయి పసిబిడ్డతో పుట్టింటికి వచ్చింది. మనుమనికి అప్పటికి పది నెలలు, పాకే వయసు. ఆనాటి ఉదయమే మేము బజారులో దొరికే చీమలమందు సుద్దముక్కతో వంటింటి గడప పొడవునా గీత గీచి, ముక్కను కిటికీలో పెట్టామనుకొని డ్యూటీకి వెళ్ళాము. అది నేలమీదనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఫోను వచ్చింది. పిల్లవాని అరచేతులు, నోటి చుట్టూ తెల్లగా ఉన్నవని, సుద్దముక్క సగమే మిగిలినదని మా శ్రీమతి ఏడుస్తూ చెప్పింది. ఆస్పత్రిలో ఆ రాత్రంతా పరిశీలనలో ఉంచారు. నాలుగు వాంతులతో గండం గడిచింది.

వైద్యుడు సుద్దముక్క పెట్టె తెమ్మన్నారు. దానిని మేమే పారవేశాము. అందులో ఏ మందున్నదో చదివిన పాపాన పోలేదు. చీటీ చదవనిదే డ్రమ్ము మూత తీయవద్దని ప్లాంటులో కుర్రవాళ్ళకు ముప్పయ్యేళ్ళుగా చెబుతున్న మేము ఇంటిలో చేసిన పని అది. అటువంటి సుద్దలలో డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్ వంటి కీటకనాశినులు ఉంటాయని ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో తెలుసుకున్నాము.

ఆనాటినుండి మా యింట సుద్దముక్క లేదు, స్ప్రే డబ్బా లేదు. చీమలు మాత్రం మానలేదు. అప్పుడు వాటిని సరిగా గమనించడం మొదలుపెట్టాము.

ఆహారం దొరికిన చీమ పుట్టకు తిరిగి పోతూ పొట్ట కొనను నేలకు తాకించి వాసనగల పదార్థమును విడుస్తుంది. వెనుకవచ్చేవి ఆ జాడను పట్టి నడుస్తూ తామూ కొంత చేరుస్తాయి. నిప్పుచీమలలో ఇది ఏ గ్రంథినుండి వెలువడునో ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1959లో ప్రకటించాడు. కావున కనబడే బారుకన్న కనబడని గీత ముఖ్యం. చీపురుతో ఊడ్చితే చీమలు పోతాయి, గీత మిగులుతుంది. అరగంటలో మరొక జట్టు హాజరు.

లీకేజీ విషయంలో చెప్పినమాటే ఇక్కడా చెబుతాము. నీరు కారే చోట గుడ్డ కట్టి లాభం లేదు, పగులు ఎక్కడున్నదో చూడవలెను. బారు కనబడగానే తుడువకండి. నాలుగు చక్కెర పలుకులు వేసి, పలుకు పట్టుకొని వెనుదిరిగిన చీమను ఓపికగా వెంబడించండి. ఎదురువచ్చే చీమను కాదు, బరువుతో పోయే చీమను. మా యింట ఫ్రిజ్ వెనుకగా, గోడ మూలగా పోయి కిటికీ చట్రం అడుగున ప్లాస్టరింగు విడిచిన సందులో దూరింది. గట్టుకు ఆ సందు పన్నెండడుగుల దూరం! మేము గీత గీచిన గడపకు దానితో సంబంధమే లేదు. సందు వద్ద పెన్సిలు గుర్తు పెట్టి, అప్పుడు దారి మొత్తం సబ్బునీటితో కడిగి తుడిచాము. వెనిగర్, నీరు సమపాళ్ళలో కలిపినా సరిపోతుంది గాని, గ్రానైటు, పాలరాయి గట్లపై వాడరాదు, మెరుగు పోతుంది. తడి ఆరిన తరువాత సందును తెల్లసిమెంటుతో పూడ్చాము. బారు స్విచ్చిబోర్డులోనికి పోతే మాత్రం స్వయంగా విప్పవద్దు, ఎలక్ట్రీషియనును పిలవండి.

భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ విద్యార్థి దశలో ప్రిన్స్‌టన్‌లో ఉండగా తన తినుబండారాలకు చీమలు పట్టినవి. ఆయన వాటిని చంపలేదు. చీమలు గదిలోనికి వచ్చే చోటికి దగ్గరలో కొంచెం చక్కెర పెట్టి, ఒక్కొక్క చీమను కాగితపు ముక్కపై ఎక్కించుకొని అక్కడ దింపాడు. దారి మారింది, అలమార ఖాళీ అయింది. మనకంత తీరిక లేదనుకోండి.

పెద్దల చిట్కాలలో మాకు అన్నిటికన్న నచ్చినది జాలీ అలమార కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు. నీటిపై దుమ్ము తెట్టు కడితే చీమలు దానిమీదుగా దాటిపోతాయి. రెండు చుక్కల సబ్బునీరు వేస్తే తలతన్యత తగ్గి మునుగుతాయి. వారానికొకసారి నీరు మార్చవలెను, లేనిచో చీమలు పోయి దోమలు వస్తాయి. పసుపుగీత తెగకుండా, తడవకుండా ఉన్నంతసేపు పనిచేస్తుంది. చక్కెర డబ్బాలో లవంగాల సంగతి మేము పరీక్షించాము. పనిచేసింది బిగుతైన మూతయేనని మా నమ్మకం, మా శ్రీమతి ఒప్పుకోదు.

కొందరు బోరిక్ పొడి సహజమే గదా అని అడుగుతారు. 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ పొడి కలిపి దూదిపై ఉంచితే చీమలు తాగి పుట్టలోని రాణికి, పిల్లలకు చేరవేస్తాయి, నెమ్మదిగా పుట్ట తగ్గుతుంది. పనిచేసే పద్ధతియే. అయితే ఖనిజమైనా అది విషమే. పసివాళ్ళు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట వద్దు. మేము పెట్టము.

ఒక్క హెచ్చరిక. చెదలు చీమలు కావు. గోడపై మట్టిగొట్టాలు, తలుపు చట్రంలో బోలుశబ్దం ఉంటే సబ్బునీటితో కాలయాపన చేయక సివిల్ విభాగంలో ఫిర్యాదు వ్రాయించండి.

ఈ వానాకాలం మా యింట ఒకే బారు వచ్చింది, స్నానాలగది తూము ప్రక్కనుండి. మనుమడు కూడా వచ్చాడు. వానికిప్పుడు మూడేళ్ళు. చీమ ఎటు పోతున్నదో నేలపై బోర్లా పడుకొని చూచి, సందును వ్రేలితో చూపించినది వాడే.