థర్మాకోల్ వద్దు... పసుపు డబ్బా తీయండి!

రాత్రి తొమ్మిది దాటాక గుర్తొస్తుంది. 'నాన్నా, రేపు స్కూల్లో సైన్స్ ఫెయిర్. ప్రాజెక్టు తీసుకెళ్లాలి!' ఇక చూడండి హడావుడి. నాన్న స్టేషనరీ దుకాణానికి పరుగు. థర్మాకోల్ షీటు, చార్టు, జిగురు, రంగులు... అర్ధరాత్రికల్లా అగ్నిపర్వతం సిద్ధం. ప్రాజెక్టు చేయాల్సిన పాప మాత్రం ఎప్పుడో నిద్రపోయింది!

మర్నాడు 'ఈ నురగ ఎందుకొస్తోందమ్మా?' అని టీచరు అడిగితే నేల చూపులే. బహుమతి రాకపోతే పోయిందేమీ లేదు. కానీ సైన్స్ అంటే కొనుక్కొచ్చేది, పెద్దవాళ్లు చేసిపెట్టేది అనే అభిప్రాయం ఆ చిన్నబుర్రలో స్థిరపడిపోతుంది. అసలు నష్టం అదీ.

ఐదో తరగతిలోపు పిల్లలకు ప్రాజెక్టు అంటే బొమ్మ కాదు, ఒక ప్రశ్న. జవాబు వాళ్లే వెతుక్కోవాలి. అందుకు కావలసినవన్నీ వంటింట్లోనే ఉన్నాయి.

పసుపు ఎర్రబడితే...

చెంచాడు పసుపును కాసిని నీళ్లతో కలిపి తెల్ల కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టాలి. ముక్కలుగా కత్తిరించి ఒకదానిమీద సబ్బునీళ్లు, ఇంకోదానిమీద నిమ్మరసం, మరోదానిమీద మజ్జిగ, వేరొకదానిమీద వంటసోడా నీళ్లు ఒక్కో చుక్క వేయాలి. సబ్బు, సోడా పడినచోట ఎరుపు తిరుగుతుంది. నిమ్మరసం, మజ్జిగ పడినచోట పసుపు పసుపుగానే ఉంటుంది. ఎర్రబడిన చోట నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు! పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది మరి. 'ఓస్, దిష్టి నీళ్లే కదే!' అంటుంది నాయనమ్మ. నిజమే, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేదీ ఇందుకే. పిల్లలకు మాత్రం సున్నం ఇవ్వొద్దు, చేతులు కాలతాయి. సబ్బు చాలు.

చీకట్లో పెసలు

రాత్రంతా నానిన పెసలు పదేసి చొప్పున రెండు గిన్నెల్లో తడి దూదిమీద పరచాలి. ఒకటి కిటికీ దగ్గర, రెండోది చీకటి అలమరలో. రెండింటికీ నీళ్లు సమానంగా చల్లాలి. ఏవి పొడుగ్గా పెరుగుతాయి? 'ఎండ తగిలినవే' అంటారు చాలామంది. ఐదారు రోజులయ్యాక స్కేలుతో కొలిస్తే ఆశ్చర్యం! చీకట్లోవే పొడుగు. కాకపోతే పాలిపోయి, సన్నగా వాలిపోతుంటాయి. వెలుగును వెతుక్కుంటూ గింజలో దాచుకున్న ఆహారాన్నంతా సాగడానికే ఖర్చుచేస్తాయవి. ఆ గిన్నెను కిటికీ దగ్గరకు మారిస్తే ఆకులు పచ్చబడటమూ చూడొచ్చు.

అమ్మానాన్నల వంతు

వారం ముందే మొదలుపెట్టించండి. మార్చేది ఒక్కటే, మిగతావన్నీ సమానం... ఈ నియమం ముందే చెప్పండి. ఏమవుతుందనుకుంటున్నారో మొదటే నోటుపుస్తకంలో రాయించండి. ఊహ తప్పితే కొట్టేయనివ్వకండి, తప్పిన ఊహే రేపటి ప్రశ్న. అక్షరాలు వంకరపోయినా చార్టు వాళ్లనే రాయనివ్వండి.

1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రాన్ని చూసిన సి.వి.రామన్‌కు 'ఈ నీలం ఎక్కణ్నుంచి వచ్చింది?' అన్న సందేహం వచ్చింది. ఆ దారిలో సాగిన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌గా తేలింది. 1987 నుంచి ఏటా ఆ రోజునే జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకొంటున్నాం. ఈసారి ఆ రోజున టీచరు 'ఎందుకు?' అంటే, మీ బుజ్జాయి నేల చూపులు చూడకుండా గడగడా చెప్పాలంటే... వంటింట్లో ఓ గిన్నె ఖాళీ చేసివ్వండి చాలు!