నిర్వాసితుడు కాదు బాబూ, మరి నేనేటి?

ఈమధ్య మా వీధి కౌలు రైతుకి తోడుగా ఒక ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, సంగతి అది కాదు. ఆయన పదిహేనేళ్లుగా చేస్తున్న జీడితోట భూసేకరణలో పోయింది. కాగితాలు చూసి అక్కడి ఆయన, "ఇల్లుంది కదా, నువ్వు నిర్వాసితుడివి కాదు" అన్నాడు. "పట్టా లేదు కదా, భూమి పోయినోడివీ కాదు" అన్నాడు. "మరి నేనేటి బాబూ?" అని అడిగాడు మావోడు. జవాబు లేదు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒక్కో పేరూ తీసి చూద్దాం.

నిర్వాసితుడంటే ఉన్నచోటు వదిలి వెళ్లినోడు. మన విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట జనం ఇళ్లు వదిలేశారు. వాళ్లకి ఆ మాట సరే. ఇల్లుండి, తెల్లారితే వెళ్లడానికి పొలం లేనోడికి సరిపోదు.

బాధితుడందామా? 2014లో హుద్‌హుద్ తోటలు పడగొడితే తుఫాను బాధితులన్నారు. అది గాలి పని. నోటీసిచ్చి, కొలిచి, రాళ్లు పాతి తీసుకోవడం గాలి పని కాదు, మనుషుల నిర్ణయం.

స్టేజీ ఎక్కినోళ్లు త్యాగం అంటారు. త్యాగం ఇష్టపడి చేసేది. వద్దన్నా ఆగనిదానికి ఆ పేరు పెట్టడమంటే మెడలో దండ వేసి నోరు మూయించడమే.

"మాటలో ఏటుంది, డబ్బులు రావాలి గానీ" అంటారు మీలో కొందరు. అక్కడే మనం దెబ్బతింటున్నాం. డబ్బులు జాబితాని బట్టి వస్తాయి. జాబితాలో పేర్లు దాని పైన రాసిన మాటని బట్టి ఉంటాయి.

2013 భూసేకరణ చట్టం 3వ సెక్షన్ చదివించుకోండి. అందులో రెండు మాటలు వేర్వేరుగా ఉన్నాయి. నిర్వాసిత కుటుంబం అంటే వేరేచోటికి తరలించాల్సిన వాళ్లు. ప్రభావిత కుటుంబం అంటే ఇంకా పెద్దది. సొంత భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ ఆ భూమి మీదే ముఖ్యంగా బతికిన కూలీలు, కౌలుదారులు, పాలుకి చేసినోళ్లు కూడా అందులో వస్తారు. అంటే మావోడున్నాడు. తోటలో జీడిపిక్కలు ఏరిన ఆడోళ్లూ ఉన్నారు. అందర్నీ కలిపి నిర్వాసితులని మనమే పిలుస్తుంటే, వాళ్ల పేర్లు మన నోటితో మనమే కొట్టేస్తున్నట్టు.

కాబట్టి సర్వేకి ఎవరొచ్చినా, గ్రామసభ పెట్టినా, కాగితం మీద "ప్రభావిత కుటుంబం" అనే రాయించండి. మూడేళ్లుగా అక్కడ పనిచేసినట్టు రుజువేదైనా చేతిలో ఉంచుకోండి.

కానీ ఆ మాట మన నోట పలకదు. సినిమా చూసి ప్రభావితమయ్యాడన్నట్టుంటుంది. నాకు తోచింది చెబుతాను. "సాగు పోయినోళ్లు" అందాం. భూమి పోయింది పట్టాదారుకి ఒక్కడికే. సాగు పోయింది పట్టాదారుకి, కౌలుదారుకి, కూలికి, ముగ్గురికీ.

నాకున్నది ఎకరన్నరే అయినా 1బిలో నా పేరుంది. రేపు నా పొలం తీసుకున్నా జాబితాలో నన్ను మర్చిపోరు. మర్చిపోయేది వాళ్లని. అందుకే పేరున్న మనమే అడగాలి.

మీ ఊళ్లో ఇంతకంటే మంచి మాటుంటే చెప్పండి, మార్చుకుంటాను. "మరి నేనేటి?" అన్నోడికి మాత్రం మనం జవాబు బాకీ ఉన్నాం.